ఆచార్యుల గదికి దారెటు?
ఓయూలో తరగతి పరిమాణం, అధ్యాపకుల లభ్యత వెనుక ఉన్న లెక్కలు

హైదరాబాద్‌: సీపీగెట్‌ రాసి, ర్యాంకు తెచ్చుకుని, ధ్రువపత్రాల సంచి చేతపట్టుకుని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అడుగుపెట్టే విద్యార్థి, వెంట వచ్చిన తండ్రి సాధారణంగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఫీజు ఎంత? వసతిగృహంలో చోటు దొరుకుతుందా? ఉపకార వేతనం వస్తుందా? చదువు పూర్తయ్యాక ఉద్యోగం మాటేమిటి? ఐదో ప్రశ్న ఒకటుంది. దానిని అడిగేవారు అరుదు. ఈ శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, వారిలో మా పిల్లవాడు వెళ్లి తలుపు తట్టగలిగేది ఎందరి గది? రెండేళ్ల పీజీ చదువు ఎలా సాగుతుందన్నది చాలా వరకు ఈ ప్రశ్నకు దొరికే జవాబును బట్టే ఉంటుంది.

తరగతి గది కిక్కిరిసి ఉందా, పలుచగా ఉందా అన్నది తొలిరోజే కంటికి కనిపిస్తుంది. ఆచార్యులు అందుబాటులో ఉన్నారా లేదా అన్నది మాత్రం చేరిన కొన్ని నెలలకు గాని తెలియదు. ఈ రెండూ ఒకటేనని చాలామంది భావిస్తారు. నిజానికి ఇవి వేర్వేరు విషయాలు. ముప్పై మంది మాత్రమే ఉన్న తరగతిలో చదివి కూడా ఏ ఆచార్యునితోనూ పది నిమిషాలు మాట్లాడకుండా పట్టా పుచ్చుకుని వెళ్లడం సాధ్యమే. వందల మంది కూర్చునే తరగతిలో చదివి, ప్రతి వారం తన సందేహాన్ని తీర్చుకోవడమూ సాధ్యమే. ఏది జరుగుతుందన్నది అంకెల వెనుక ఉన్న ఏర్పాట్లను బట్టి ఉంటుంది.

ఇరవై ఐదుగురితో మొదలు

ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీ ఖాన్‌ 1917లో జారీ చేసిన ఫర్మానా ఫలితంగా 1918లో ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో బషీర్‌బాగ్‌లో, నిజాం కళాశాలను ఆనుకుని ఉన్న భవనంలో తరగతులు మొదలయ్యాయి. నాటి విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. అంటే తొమ్మిది మందికి ఒకరు. ఆర్ట్స్‌ కళాశాల భవనం 1939లో ప్రారంభమయ్యే నాటికి విద్యార్థుల సంఖ్య బాగా పెరిగినా, పేరుపేరునా విద్యార్థిని ఎరిగిన ఆచార్యుడు అన్న మాట అక్కడ చాలాకాలం వాడుకలో నిలిచింది.

ఆనాటి నిష్పత్తిని చూపి నేడు నిట్టూర్చడం న్యాయం కాదు. అప్పట్లో విశ్వవిద్యాలయపు గడప తొక్కగలిగిన కుటుంబాలు కొద్ది. ఇప్పుడు పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, ఆదిలాబాద్‌ గూడేల నుంచి ఇంట్లో మొట్టమొదటి పట్టభద్రులు వస్తున్నారు. ఆ విస్తరణ విశ్వవిద్యాలయానికి గర్వకారణం. అయితే ఒక్క విషయం మరువరాదు. తండ్రి, అన్న, మేనమామ ఎవరో ఒకరు ఉన్నత చదువులు చదివిన ఇంటి పిల్లవాడికి ఏ పరీక్ష రాయాలో, ఏ అంశం ఎంచుకోవాలో ఇంట్లోనే చెప్పేవారుంటారు. మొదటి తరం విద్యార్థికి ఆ మాట చెప్పగలిగింది శాఖలోని ఆచార్యులే. కనుక ఆచార్యుల గది మూసి ఉంటే ఇద్దరికీ కలిగే నష్టం ఒకటి కాదు.

మూడు అంకెలూ నిజమే

అధ్యాపక, విద్యార్థి నిష్పత్తి అనే మాట ప్రవేశాల వేళ ప్రతి విద్యాసంస్థ కరపత్రంలోనూ కనిపిస్తుంది. దీనిని లెక్కించే పద్ధతి చాలా సులువు. మొత్తం విద్యార్థులను మొత్తం అధ్యాపకులతో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. అయితే అది తరగతి గదిలో ఎందరు కూర్చుంటారో చెప్పదు.

ఉదాహరణకు ఒక శాఖలో 150 మంది విద్యార్థులు, పది మంది అధ్యాపకులు ఉన్నారనుకుందాం. నిష్పత్తి ఒకటికి పదిహేను. చూడటానికి చక్కగా ఉంది. ఆ శాఖలో నాలుగు కోర్సులున్నాయి. ఉద్యోగావకాశాలున్న ఒక కోర్సులో 90 మంది, మిగతా మూడింటిలో ఇరవై మంది చొప్పున చేరారు. తరగతి సగటు పరిమాణం ఎంత అని శాఖాధిపతిని అడిగితే, 150ని నాలుగుతో భాగించి 37 లేదా 38 అని చెబుతారు. అదీ తప్పు కాదు. ఇప్పుడు ఆ 150 మంది విద్యార్థులనే ఒక్కొక్కరిని పిలిచి, నీ తరగతిలో ఎందరున్నారని అడిగి, వారి జవాబుల సగటు తీయండి. తొంభై మంది తొంభై అంటారు, అరవై మంది ఇరవై అంటారు. సగటు 62 వస్తుంది.

పదిహేను, ముప్పై ఎనిమిది, అరవై రెండు. మూడూ ఒకే శాఖకు చెందిన నిజమైన అంకెలే. కరపత్రంలో మొదటిది అచ్చవుతుంది. విద్యార్థి అనుభవించేది మూడోది. పెద్ద తరగతుల్లో ఎక్కువమంది ఉంటారు కనుక ఎక్కువమంది అనుభవం సాధారణంగా సగటు కన్నా ఇరుకుగానే ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. ఏ అంకెను అడగాలో తెలియకపోవడమే చిక్కు.

నియంత్రణ సంస్థలు సైతం నిష్పత్తినే కొలమానంగా తీసుకున్నాయి. ఇంజినీరింగ్‌ డిగ్రీ కోర్సులకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఒకప్పుడు పదిహేను మందికి ఒక అధ్యాపకుడు ఉండాలనేది. 2018-19 నుంచి దానిని ఇరవై మందికి ఒకరుగా సడలించింది. జాతీయ ర్యాంకుల పద్ధతి అయిన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పదిహేను మందికి ఒకరుంటే ఆ అంశానికి పూర్తి మార్కులు లభిస్తాయి. యాభై మందికి ఒకరి కన్నా తక్కువైతే సున్నా. అమెరికా విశ్వవిద్యాలయాలు ఏటా వెలువరించే కామన్‌ డేటా సెట్‌ అనే పత్రంలో ఇరవై లోపు తరగతులెన్ని, యాభై నుంచి తొంభై తొమ్మిది మంది ఉన్నవి ఎన్ని, వంద దాటినవి ఎన్ని అన్నది విడివిడిగా చూపుతారు. మన విశ్వవిద్యాలయాలు ప్రవేశాల ప్రకటనలో ఇటువంటి పట్టిక ఒకటి చేర్చితే అదనపు ఖర్చేమీ ఉండదు.

గదిలో ఉన్నది ఎవరు?

నిష్పత్తిలో అధ్యాపకుడు అన్న మాట కింద ఎవరెవరిని లెక్కిస్తున్నారన్నది తరువాతి ప్రశ్న. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవారంతా విద్యార్థికి సార్‌, మేడమే. కాని వారి హోదాలు, హక్కులు వేరు. అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌, అసోసియేట్‌ ప్రొఫెసర్‌, ప్రొఫెసర్‌ అన్నవి శాశ్వత కొలువులు. వీరు కాక ఒప్పంద అధ్యాపకులు, బోధించిన గంటలను బట్టి పారితోషికం పొందే పార్ట్‌టైం అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు ఉంటారు.

ఒప్పంద అధ్యాపకులు చెప్పే పాఠం నాసిరకమన్న అభిప్రాయం సరికాదు. వారిలో అనేకులు పీహెచ్‌డీలు పొందినవారు, నెట్‌ ఉత్తీర్ణులు, పదేళ్లకు మించి అదే గదిలో అదే సబ్జెక్టు బోధిస్తున్నవారు. కొన్ని శాఖల్లో తరగతులు ఆగకుండా నడుస్తున్నాయంటే అది వారి చలవే. ఉద్యోగ భద్రత కోసం తెలంగాణ విశ్వవిద్యాలయాల ఒప్పంద అధ్యాపకులు 2025లో కూడా ఆందోళనకు దిగారు. సమస్య వారి యోగ్యతలో లేదు, వారికిచ్చిన స్థానంలో ఉంది. గంటల లెక్కన పనిచేసే వ్యక్తి పాఠం ముగియగానే మరో కళాశాలలో తరగతికి బస్సు పట్టుకోవలసి వస్తే, వరండాలో ఆగి సందేహం తీర్చమని అడగడానికి విద్యార్థికే మొహమాటం. ఆ అరగంటకు ఆయనకు ఎవరూ చెల్లించరు. చాలాచోట్ల కూర్చోబెట్టి మాట్లాడటానికి సొంత గదీ ఉండదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యూజీసీ, 2018లో వెలువరించిన నిబంధనల్లో ఒప్పంద నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో పది శాతం మించరాదని పేర్కొంది. అత్యవసరమైతేనే ఆ పద్ధతిని ఆశ్రయించాలని కూడా చెప్పింది. ఓయూలో మంజూరైన శాశ్వత అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్న స్థితి ఏళ్ల తరబడి కొనసాగింది. సగానికి పైగా ఖాళీలున్నప్పుడు పది శాతం పరిమితి కాగితానికే పరిమితం కావడంలో ఆశ్చర్యం లేదు.

వారానికి నలభై గంటలు

శాశ్వత అధ్యాపకుల సమయం ఎలా ఖర్చవుతుందో చూద్దాం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పూర్తికాల అధ్యాపకుడి పనిభారం వారానికి 40 గంటలకు తగ్గరాదు. ఏడాదికి 30 వారాలు, అనగా 180 బోధన దినాలు పనిచేయాలి. ఇందులో నేరుగా తరగతిలో బోధించవలసింది అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ అయితే వారానికి 16 గంటలు, అసోసియేట్‌ ప్రొఫెసర్‌, ప్రొఫెసర్‌ అయితే 14 గంటలు. విద్యార్థులకు బొత్తిగా తెలియని వాక్యం ఒకటి అదే నిబంధనల్లో ఉంది. అధ్యాపకులు రోజుకు కనీసం ఐదు గంటలు విశ్వవిద్యాలయంలో అందుబాటులో ఉండాలి. అంటే ఆచార్యుల గది తలుపు తట్టడం ప్రత్యేక అనుగ్రహం కోరడం కాదు. నిబంధనలే ఇచ్చిన వెసులుబాటు అది.

ఇప్పుడు ఒక చిన్న శాఖను ఊహించండి. పీజీ కోర్సులో ఒకేసారి రెండు బ్యాచ్‌లు నడుస్తాయి. సెమిస్టర్‌కు ఐదు పేపర్లు, పేపరుకు వారానికి నాలుగు గంటలు అనుకుంటే మొత్తం నలభై గంటల బోధన. ఇద్దరు అసిస్టెంట్‌ ప్రొఫెసర్లు, ఒక ప్రొఫెసర్‌ ఉంటే వారి బోధన గంటలు కలిపి 46. ముగ్గురితోనే పని జరిగిపోయింది కదా, ఎనిమిది పోస్టులు ఎందుకని ఆర్థిక శాఖ అధికారి అడిగితే కాగితం మీద జవాబు చెప్పడం కష్టమే.

జవాబు కాగితం మీద లేని పనుల్లో ఉంది. ఆ ముగ్గురిలో ఒకరు శాఖాధిపతి. మరొకరు బోర్డ్‌ ఆఫ్‌ స్టడీస్‌ చైర్‌పర్సన్‌, పాఠ్యప్రణాళిక మార్పు నుంచి ప్రశ్నపత్రాల కూర్పు వరకు చూడాలి. ఎనిమిది మంది ఉన్నప్పుడూ ముగ్గురు ఉన్నప్పుడూ శాఖకు శాఖాధిపతి ఒక్కరే, బోర్డు ఒక్కటే, అక్రెడిటేషన్‌ దస్త్రాలు అవే. మనుషులు తగ్గినా ఈ పనులు తగ్గవు. పైగా వసతిగృహాల వార్డెన్లు, పరీక్షల విభాగం అదనపు నియంత్రణాధికారులు, వివిధ డైరెక్టరేట్ల సంచాలకులు, డీన్లు అందరూ ఈ శాశ్వత అధ్యాపకుల్లోంచే రావాలి. ఖాళీలు పెరిగేకొద్దీ ఉన్న ఒక్కొక్క ఆచార్యుని తలపై రెండు మూడు అదనపు బాధ్యతలు పడతాయి. పరిపాలన భవనంలో సమావేశానికి వెళ్లిన ఆచార్యులు ఎప్పుడొస్తారో అటెండరుకు సైతం తెలియదు. పాఠం మాత్రం ఎలాగో జరుగుతుంది, ఎందుకంటే దానికి కాలపట్టిక ఉంది. విద్యార్థితో మాటకు కాలపట్టిక లేదు కనుక మొదట కోత పడేది దానికే.

నాణేనికి మరో వైపు కూడా ఉంది. 75 శాతం హాజరు నిబంధన ఉన్నా, గ్రూప్స్‌ నోటిఫికేషన్‌ వెలువడగానే తరగతులు పలుచబడి పఠనాలయాలు నిండటం ఓయూలో కొత్త కాదు. సమయమిచ్చి కూర్చున్న ఆచార్యుల గదికి ఎవరూ రాని రోజులూ ఉంటాయి. విద్యార్థులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వెళ్లినా లాభం లేదన్న అభిప్రాయం ఒకసారి ఏర్పడితే, లాభం ఉన్న చోటికి కూడా ఎవరూ వెళ్లరు.

గైడ్‌ దొరికితేనే పీహెచ్‌డీ

ఆచార్యుల కొరత తరగతిలో కన్నా పరిశోధనలో బాగా బయటపడుతుంది. ఇక్కడ లెక్క చాలా కచ్చితం. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్‌ ఏకకాలంలో ఎనిమిది మందికి, అసోసియేట్‌ ప్రొఫెసర్‌ ఆరుగురికి, అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ నలుగురికి మాత్రమే పీహెచ్‌డీ పర్యవేక్షకులుగా ఉండగలరు. పర్యవేక్షకులు శాశ్వత అధ్యాపకులై ఉండాలి. ఒప్పంద అధ్యాపకులు ఎంత అనుభవజ్ఞులైనా వారి పేరిట సీటు ఉండదు.

ముగ్గురు ప్రొఫెసర్లు, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్‌ ప్రొఫెసర్లు ఉన్న శాఖ 52 మంది పరిశోధక విద్యార్థులను చేర్చుకోగలదు. అదే శాఖలో పదవీ విరమణల తరువాత ఒక ప్రొఫెసర్‌, ఇద్దరు అసిస్టెంట్‌ ప్రొఫెసర్లు మిగిలితే ఆ సంఖ్య పదహారుకు పడిపోతుంది. పాఠాలకు అతిథి అధ్యాపకులను తెచ్చుకోవచ్చు. గైడ్‌ను అలా తెచ్చుకోవడం కుదరదు. జేఆర్‌ఎఫ్‌ సాధించి, ఫెలోషిప్‌ పత్రం చేతిలో ఉండి కూడా తన అంశానికి పర్యవేక్షకులు లేక విద్యార్థి నిరీక్షించవలసి రావడానికి ఇదే కారణం. ఫెలోషిప్‌ అర్హత పత్రానికి గడువు ఉంటుంది కనుక ఆ నిరీక్షణకు నిజంగానే మూల్యం ఉంది.

2022 నిబంధనల్లో చేర్చిన మరో షరతు ఈ కొరతను ఇంకా బిగించింది. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్న అధ్యాపకులు కొత్త పరిశోధక విద్యార్థులను తీసుకోరాదు. విద్యార్థి నడిమధ్య దిక్కులేనివాడు కాకూడదన్నది దీని ఉద్దేశం, ఉద్దేశం మంచిదే. అయితే తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో విరమణ వయస్సు అరవై ఏళ్లుగా ఉన్నంతకాలం దీని అర్థం ఏమిటంటే, యాభై ఏడు దాటిన ఆచార్యులు కొత్తవారికి గైడ్‌గా ఉండలేరు. కొత్త నియామకాలు లేని శాఖల్లో ఉన్నవారంతా ఆ వయస్సు దరిదాపుల్లోనివారే. అందుకే 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం యూజీసీ వేతన శ్రేణుల్లో ఉన్న విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయస్సును 65కు పెంచడం పరిశోధక విద్యార్థులకు వెంటనే తెలిసివచ్చిన మార్పు. కొత్త విద్యార్థులను చేర్చుకునే హద్దు 57 నుంచి 62కు జరిగింది. నిరుద్యోగ పట్టభద్రులు మాత్రం ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించారు. వారి వాదన కొట్టివేయదగినది కాదు. ఉన్నవారు మరో ఐదేళ్లు ఉండటం వల్ల ఖాళీ కొంతకాలం వాయిదా పడుతుందే గాని భర్తీ కాదు.

ఖాళీలు ఇన్నెందుకు?

రాష్ట్రం 2014లో ఏర్పడిన నాటి నుంచి విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపక నియామకాలు పెద్ద ఎత్తున జరగలేదు. 2017లో 1,061 పోస్టుల భర్తీకి ప్రభుత్వం అనుమతించినా ఆ ప్రక్రియ పూర్తికాలేదు. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద ఏ విశ్వవిద్యాలయం నియామకాలు అదే చేసుకునేది. ఎంపిక సంఘానికి ఉపకులపతి అధ్యక్షత వహిస్తారు. ఈ పద్ధతికి బదులు అన్నింటికీ కలిపి ఒకే నియామక మండలి ఏర్పాటు చేసే బిల్లును శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదించింది. గవర్నర్‌ వివరణలు కోరారు. 2023లో ఆ బిల్లు రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది. బిల్లు నడుస్తున్నంతకాలం పాత పద్ధతిలో నియామకాలు లేవు, కొత్త పద్ధతి రాలేదు.

2024 మే నెలలో ఉపకులపతుల పదవీకాలం ముగిశాక అక్టోబరు వరకు ఐఏఎస్‌ అధికారులే ఇన్‌ఛార్జులుగా వ్యవహరించారు. 2025 ఏప్రిల్‌లో అధ్యాపక నియామకాలకు ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు జారీ చేసింది. నోటిఫికేషన్‌, రోస్టర్‌, దరఖాస్తుల పరిశీలన, మౌఖిక పరీక్షలు, మధ్యలో న్యాయస్థానం మెట్లు ఎక్కే వివాదాలు, ఇవన్నీ దాటి ఒక అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ తరగతిలో నిలబడటానికి పట్టే సమయంలో ఒక పీజీ బ్యాచ్‌ చేరి వెళ్లిపోతుంది.

ప్రాంగణం వెలుపల

ఓయూ పట్టా పుచ్చుకునేవారిలో అత్యధికులు ఆర్ట్స్‌ కళాశాల మెట్లు ఎక్కినవారు కారు. జంట నగరాల్లో, చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్న అనుబంధ కళాశాలల్లో చదివినవారు. నిజామాబాద్‌, నల్లగొండ, పాలమూరు విశ్వవిద్యాలయాలు 2006-08 మధ్య విడిగా ఏర్పడ్డాక ఓయూ పరిధి తగ్గినా, అనుబంధ కళాశాలలు ఇంకా వందల్లోనే ఉన్నాయి. పెద్ద తరగతి అసలు రూపం చూడాలంటే అక్కడికి వెళ్లాలి. సాధారణంగా సెక్షన్‌కు అరవై మంది. బీకాం కంప్యూటర్స్‌ వంటి గిరాకీ కోర్సుల్లో భాషా సబ్జెక్టులకు రెండు సెక్షన్లను కలిపి కూర్చోబెట్టడం కూడా కద్దు. ఆ విద్యార్థికి విశ్వవిద్యాలయ ఆచార్యుడంటే పుస్తకం అట్టపై పేరు, ప్రశ్నపత్రం వెనుక ఉన్న అజ్ఞాత వ్యక్తి, అంతే. ఆ వందల కళాశాలల ప్రశ్నపత్రాలు, మూల్యాంకనం, తనిఖీ సంఘాల బరువు మళ్లీ ఆ కొద్దిమంది ప్రాంగణ అధ్యాపకుల మీదే పడుతుంది. ప్రాంగణ విద్యార్థికి దక్కవలసిన గంటల్లో కొన్ని ఇలా కూడా కరిగిపోతాయి.

వెయ్యి మంది తరగతి ఎలా నడుస్తుంది?

మన ప్రాంతం నుంచి ఏటా వేలాది మంది అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వెళుతున్నారు. అక్కడ తరగతులు చిన్నవన్న భ్రమ ఇక్కడ బలంగా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో కంప్యూటర్‌ సైన్స్‌ తొలి కోర్సుకు ఒక్క సెమిస్టర్‌లోనే వెయ్యి మందికి పైగా నమోదైన సందర్భాలున్నాయి. మన కళాశాలల్లో ఏ సెక్షనూ అంత ఉండదు.

తేడా తరగతి వెలుపలి ఏర్పాటులో ఉంది. ఆచార్యులు పెద్ద హాలులో ఉపన్యాసమిస్తారు. తరువాత విద్యార్థులను ఇరవై ముప్పై మంది బృందాలుగా విడదీసి, టీచింగ్‌ అసిస్టెంట్లు అదే పాఠాన్ని అభ్యాసం చేయిస్తారు. ఈ అసిస్టెంట్లు సాధారణంగా అక్కడే పైచదువులు చదువుతున్న విద్యార్థులు. ఫీజు మినహాయింపు, నెలవారీ భృతి కోసం ఈ పని చేస్తున్నవారిలో మన తెలుగు విద్యార్థులూ ఉన్నారు. ఆపైన ఆఫీస్‌ అవర్స్‌ అనే పద్ధతి ఉంది. సెమిస్టర్‌ మొదటిరోజున ఇచ్చే పాఠ్యక్రమం పత్రంలోనే ఆచార్యుల గది సంఖ్య, వారంలో ఏ రోజు ఏ వేళ తలుపు తెరిచి ఉంటుందో అచ్చువేస్తారు. ఆ వేళలో ముందస్తు అనుమతి అక్కరలేదు. దీనితో అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. పరీక్షలు దగ్గరపడితే ఆఫీస్‌ అవర్స్‌ ముందు బారులు తీరతాయి. ఆచార్యులను ఒక్కసారీ కలవకుండా కోర్సు ముగించేవారూ అక్కడ ఎక్కువే. అయినా సందేహం ఉన్న విద్యార్థికి ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో తెలుసు.

మన విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులు ఉన్నారు, గదులు ఉన్నాయి, ఐదు గంటల నిబంధన ఉంది. ఆ ఐదింటిలో వారానికి రెండు గంటలు ఫలానావని తలుపు మీద ఒక కాగితం అంటించే అలవాటు మాత్రం కొద్దిమంది ఆచార్యులకే ఉంది. ఖాళీల భర్తీకి ప్రభుత్వ నిర్ణయం కావాలి. ఈ కాగితానికి శాఖాధిపతి మాట చాలు.

చేరేముందే చూసుకోవచ్చు

ప్రవేశం తీసుకునే ముందు శాఖ స్థితిని తెలుసుకోవడం ఇప్పుడు అంత కష్టం కాదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ ర్యాంకులకు దరఖాస్తు చేసే ప్రతి సంస్థ తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైట్‌లో ఉంచాలి. అందులో అధ్యాపకుల జాబితా ఉంటుంది. ఒక్కొక్కరి హోదా, విద్యార్హత, అనుభవం, సంస్థలో చేరిన తేదీ, శాశ్వతమా తాత్కాలికమా అన్న వివరం వేర్వేరు గడుల్లో కనిపిస్తాయి. శాఖ వెబ్‌పేజీలో పదవీ విరమణ చేసినవారి ఫొటోలు కూడా కొన్నాళ్లు అలాగే ఉండిపోతుంటాయి కనుక ఈ జాబితాతో సరిచూసుకోవడం మేలు. అక్కడా స్పష్టత లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు, పీహెచ్‌డీ ఖాళీలు ఎవరి వద్ద ఎన్ని అన్నవి దాచదగిన సమాచారం కాదు.

చేరిన తరువాత మొదటి నెలలో చేయదగినది ఒకటుంది. శాఖలోని సీనియర్లను, పరిశోధక విద్యార్థులను పట్టుకుని ఏ ఆచార్యులు ఏ వేళ గదిలో ఉంటారో కనుక్కోవడం. వెళ్లేటప్పుడు ఊరికే నమస్కారం పెట్టి రావడం కాక, పాఠంలో అర్థంకాని ఒక అంశాన్నో, చదివిన ఒక వ్యాసాన్నో పట్టుకుని వెళితే మాట తేలికగా సాగుతుంది. పరీక్షలకు వారం ముందు మొదటిసారి కనిపించే విద్యార్థి పేరు ఏ ఆచార్యులకూ గుర్తుండదు. రెండేళ్ల తరువాత సిఫార్సు లేఖ కోసం వెళ్లినప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారు జాబితాలో మరో గడిని కూడా చూడాలి. అధ్యాపకుల వయస్సు అందులో ఉంటుంది. 65 లోంచి దానిని తీసివేస్తే మిగిలేది మూడు కన్నా తక్కువైతే, ఆ ఆచార్యులు ఎంత పేరున్నవారైనా కొత్త విద్యార్థిని తీసుకోలేరు.